కారు టైర్లు ఎక్కడ కొనాలి, పంక్చరు ఎక్కడ వేయించాలి?

ఎండలు ముదిరే ముందు ఒకసారి, తొలకరికి ముందు మరోసారి నన్ను అడిగేవారంతా అటూ ఇటూగా ఒకే ప్రశ్న అడుగుతారు. టైర్లు కంపెనీ షోరూములో కొనాలా, ఆటోనగర్‌కు వెళ్లాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా? రోడ్డుపక్కన పంక్చరు వేయిస్తే పరవాలేదా? విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ, చివరకు అన్నీ ఒకచోట వరుసగా రాస్తున్నాను. టైరు అమ్మే దుకాణం, పంక్చరు వేసే దుకాణం, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే పని) చేసే దుకాణం ఒకటే కానక్కరలేదు. ఒక పనిలో నమ్మదగినవాడు మరో పనిలో అంత నమ్మదగినవాడు కాకపోవచ్చు. అందువల్ల ఈ మూడు పనులకూ దుకాణాన్ని విడివిడిగానే పరీక్షించుకోండి.

మీ దగ్గర ఉండవలసినవి

గాలి ఒత్తిడి చూసే చిన్న గేజి, మంచి టార్చి (ఫోను దీపమైనా చాలు), సుద్దముక్క, సబ్బునీళ్లు నింపిన చిన్న స్ప్రే సీసా, రాసుకోవడానికి ఒక కాగితం సిద్ధం చేసుకోండి. గేజి మాత్రం సొంతది కొనండి. పెట్రోలు బంకులో గాలి పట్టే మీటరు రోజూ వందల బండ్ల దగ్గర కిందపడి లేచేది కాబట్టి దాని లెక్కను మరో గేజితో సరిచూసుకోవడం అవసరం.

1. మీ బండికి ఏం కావాలో ముందు మీరే రాసుకోండి

టైరు పక్కభాగం మీద పెద్ద అక్షరాలతో 185/65 ఆర్15 88హెచ్ వంటి వరుస ఉంటుంది. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో తెలిపే అంకె. ఆర్ అంటే రేడియల్ (లోపలి దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా ఉండే రకం), 15 అంటే డిస్కు (టైరు ఎక్కించే లోహపు చక్రం) వ్యాసం అంగుళాలలో. చివరి 88 బరువు సూచిక, అంటే ఆ టైరు 560 కిలోల వరకు మోయగలదు. హెచ్ వేగ సూచిక, అంటే గంటకు 210 కిలోమీటర్లు. మీరు ఆ వేగంతో ఎన్నడూ వెళ్లకపోయినా, ఈ రెండు సూచికలూ కారు తయారీదారు చెప్పినదానికంటే తక్కువ కాకూడదు. దుకాణంలో "ఆ సైజు లేదు సార్, దీనికీ దానికీ తేడా ఏమీ ఉండదు" అన్న మాట వినిపిస్తే, ముందుగా ఆ చివరి అంకెనూ అక్షరాన్నీ చూడండి.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. సరైన సైజు, ముందు వెనుక చక్రాల గాలి ఒత్తిడి అందులో ఉంటాయి. దానికి ఫోనులో ఫొటో తీసుకోండి. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు ఈ స్టిక్కరునే నమ్మాలి, ఎందుకంటే ఇప్పుడున్న టైర్లు పాత యజమాని తన ఇష్టంకొద్దీ మార్చినవి కావచ్చు.

ఇక పాత టైర్ల మీద అరచెయ్యి వేసి అడ్డంగా నిమరండి. నడిమధ్య ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైందని, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైందని, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పిందని అర్థం. ఎగుడుదిగుడుగా, అలల్లా తగిలితే షాకబ్జార్బర్లనో బ్యాలెన్సింగునో (చక్రం వణకకుండా చిన్న బిళ్లలతో బరువు సమం చేసే పని) అనుమానించాలి. కారణం సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి. చాలామంది ఈ పని వదిలేసి, ఏడాది తిరగకుండానే "కంపెనీ మోసం చేసింది" అంటారు.

మార్చవలసిన సమయం వచ్చిందా అన్నది టైరే చెబుతుంది. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు కట్టలు అడ్డంగా ఉంటాయి. పక్కన టీడబ్ల్యూఐ అనో, చిన్న త్రిభుజమో అచ్చువేసి ఉంటుంది. పైరబ్బరు ఆ కట్టతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఇక మార్చక తప్పదు. అయితే తడిరోడ్డు మీద పట్టు అంతకు చాలా ముందే తగ్గిపోతుంది కాబట్టి, 3 మిల్లీమీటర్లు మిగిలినప్పుడే, అదీ వర్షాలకు ముందే, మార్చమని నేను చెబుతాను.

2. ఏ పనికి ఏ దుకాణమో ఎంచుకోండి

కంపెనీ పేరుతో నడిచే షోరూములు, అంటే ఎంఆర్‌ఎఫ్ టీ అండ్ ఎస్, సియట్ షాపీ, జేకే స్టీల్ వీల్స్, బ్రిడ్జ్‌స్టోన్ సెలెక్ట్ వంటివి, యంత్రాలు బాగున్నచోట కొనడానికీ బిగించడానికీ మంచివే. వారంటీ సమస్య వచ్చినప్పుడు కంపెనీ మనిషిని పిలిపించడం అక్కడ సులువు. కాకపోతే అక్కడ ఒకే కంపెనీ సరుకును గట్టిగా సిఫారసు చేస్తారు, అది వారి వ్యాపారం.

అన్ని కంపెనీల టైర్లూ అమ్మే పెద్ద డీలరు దగ్గర బేరానికి వీలుంటుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్, విశాఖ గాజువాక, హైదరాబాద్ రాణిగంజ్ వంటిచోట్ల ధర కనుక్కుని, తరువాత మీ పేటలోని డీలరును అడగండి. చాలాసార్లు తేడా మీరు వెళ్లివచ్చే పెట్రోలు ఖర్చుకు మించదు. అంత దగ్గరగా వస్తే పేటలోని డీలరు దగ్గరే కొనండి, రేపు స్టీరింగు వణికితే తిరిగి వెళ్లవలసింది అక్కడికే.

ఆన్‌లైన్‌లో కొనేవారు రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. టైరు తయారైన తేదీ పంపకముందే చెబుతారా, బిగించే దుకాణం ఎవరిది? బయట కొన్న టైరు తీసుకువెళితే బిగించడానికి కొందరు మొహం చిట్లిస్తారు, కొందరు బిగింపు ఖర్చు పెంచుతారు. ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి.

కారు కంపెనీ సర్వీసు సెంటరులో సైజు పొరపాటు పడే అవకాశం తక్కువ, బేరానికి వీలూ తక్కువే.

సెకండ్ హ్యాండ్ టైర్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అరిగిన గాడులను కత్తితో మళ్లీ లోతుగా చెక్కి, నల్లరంగు పూసి అమ్మేవి ఉంటాయి. అలా చెక్కిన చోట గాడి అడుగున తళతళలాడే తాజా కోత, కొన్నిచోట్ల తీగల జాడ కనిపిస్తాయి. వాటిని ముట్టుకోవద్దు. కొత్త కారు కొనగానే పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించుకున్నవారు వదిలేసే టేకాఫ్ టైర్లు మాత్రం వేరు. గాడి నిండుగా ఉండి, తయారీ తేదీ దగ్గరిదైతే అవి మంచి బేరమే.

3. నాలుగు టైర్లు అప్పగించే ముందు చిన్న పని ఇచ్చి చూడండి

ఎవరూ పాటించని మెట్టు ఇదే. అవసరం రాకముందే ఒకరోజు ఆ దుకాణానికి వెళ్లి ఒక్క చక్రం బ్యాలెన్సింగు చేయమనండి. పాత సీసం బిళ్లలన్నీ పీకేసిన తరువాతే చక్రాన్ని యంత్రానికి ఎక్కిస్తున్నాడా? యంత్రం చూపిన చోట బిళ్ల కొట్టాక, సున్నా వచ్చిందో లేదో మళ్లీ తిప్పి చూస్తున్నాడా? చక్రం బిగించేటప్పుడు నట్లను మొదట చేత్తో నాలుగు చుట్లు ఎక్కిస్తున్నాడా, లేక గాలి గన్ను పెట్టి ఒక్కసారే "ట్ర్ర్" అనిపిస్తున్నాడా? ఈ మూడూ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. గన్నుతోనే మొదలుపెట్టేవాడి దగ్గర నట్టు వంకరగా ఎక్కి మర చెడిపోవడం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

4. ధర అడిగే పద్ధతి

"టైరు ఎంత?" అని అడిగితే టైరు ధర మాత్రమే చెబుతారు. ఇలా అడగండి: "ఈ సైజు, ఈ మోడలు, నాలుగు టైర్లు. కొత్త వాల్వులు, బిగింపు, బ్యాలెన్సింగు, బిళ్లలు, అలైన్‌మెంటు, జీఎస్టీ అన్నీ కలిపి, పాత టైర్లు మీరు ఉంచుకుంటే ఎంత, నేను తీసుకువెళితే ఎంత?" ఈ వాక్యాన్నే ముగ్గురు డీలర్లకు ఫోనులో చదివి వినిపించి, వారు చెప్పిన మొత్తాలను పక్కపక్కన రాసుకోండి. బ్యాలెన్సింగు బిళ్లలకు గ్రాముల లెక్కన వసూలు చేయడం మనవైపు మామూలే, కానీ ఆ సంగతి బిల్లు చేతికొచ్చాక తెలిస్తే చిరాకు.

కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమైంది. పాత ధరల పట్టిక చూపించేవారికి ఈ విషయం మర్యాదగా గుర్తు చేయండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను" అంటే ఒప్పుకోవద్దు, తయారీ లోపం బయటపడితే మీ చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లే.

5. టైరు డిస్కుకు ఎక్కకముందే చూడవలసినవి

ఈ మెట్టులో నేనే ఒకసారి బోర్లాపడ్డాను. కొన్నేళ్ల క్రితం ఒక డీలరు దగ్గర నాలుగు టైర్లు వేయించి, టీ తాగి, డబ్బు కట్టి ఇంటికి వచ్చాను. ఆరు నెలల తరువాత చక్రాలు ముందువి వెనక్కు మార్పిస్తున్నప్పుడు, ఒక టైరు లోపలివైపు తేదీ కనిపించింది. మిగిలిన మూడింటికంటే అది రెండేళ్లు పాతది. అడగడానికి వెళితే "మేమిచ్చిన టైరేనని ఏమిటి రుజువు?" అన్నాడు. బిల్లులో టైరు నంబర్లు లేవు, నేను ఫొటోలూ తీయలేదు, అందువల్ల నోరు మూసుకుని వచ్చాను.

ఆ తేదీ ఎక్కడుంటుందంటే, డీఓటీ అన్న అక్షరాల వరుస చివర, కోడిగుడ్డు ఆకారపు చిన్న గడిలో నాలుగంకెలుగా ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2325 అని ఉంటే 2025లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైంది. చాలా టైర్లకు ఈ తేదీ ఒక్కవైపే అచ్చవుతుంది. ఆ వైపు లోపలికి వచ్చేలా బిగిస్తే, బండి కిందకు దూరితే తప్ప కనిపించదు. అందుకే నేలమీద ఉండగానే నాలుగింటినీ తిప్పించి చదవండి, ఫొటోలు తీయండి, బిల్లు మీద తేదీలూ వరుస నంబర్లూ రాయించండి.

ఆరునెలల లోపువి దొరికితే మంచిది, ఏడాది వరకూ అభ్యంతరం లేదు. అంతకు మించితే ధర తగ్గించమని అడగండి, లేదా వద్దనండి. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ కర్మాగారం, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో కర్మాగారం ఉన్నాయి కదా, ఇక్కడ తాజా సరుకే వస్తుందని అనుకోవద్దు. ఎవరూ అడగని సైజు డీలరు అటక మీద ఎన్నేళ్లయినా ఉంటుంది.

పక్కభాగం మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండి తీరాలి, మనదేశంలో కారు టైర్లకు అది తప్పనిసరి. బాణం గుర్తు ఉన్న టైరు అయితే బండి ముందుకు వెళ్లేటప్పుడు చక్రం ఆ దిశలోనే తిరగాలి. అవుట్‌సైడ్ అని రాసి ఉన్న వైపు బయటకే రావాలి. బిగించాక ఈ రెండూ మళ్లీ చూడండి, హడావిడిలో కుడిఎడమలు తారుమారు కావడం అరుదేమీ కాదు.

6. బిగిస్తున్నప్పుడు పక్కనే నిలబడండి

"ఏసీ గదిలో కూర్చోండి సార్" అంటే కృతజ్ఞతలు చెప్పి బయటే ఉండండి. రబ్బరు వాల్వులను టైర్లతోపాటు కొత్తవి వేయించాలి. కాస్త డబ్బుకు చూసుకుని పాతవి వదిలేస్తే, కొన్ని నెలలకు వాటి మొదట్లో పగుళ్లు వచ్చి గాలి సన్నగా కారడం మొదలవుతుంది. టైరు అంచు డిస్కు మీద కూర్చోవడానికి గాలి మొదట ఎక్కువే పడతారు, "టప్" మని చప్పుడు రావడం మామూలే. తరువాత దాన్ని స్టిక్కరులో ఉన్న ఒత్తిడికి తగ్గించడం మాత్రం తరచుగా మరచిపోతారు. మీ గేజితో నాలుగూ కొలవండి.

రెండే టైర్లు మార్చుతుంటే కొత్తవి వెనుక చక్రాలకు వేయించండి. ఇంజను ముందుంది, స్టీరింగు ముందుంది కనుక కొత్తవి ముందే ఉండాలని చాలామంది వాదిస్తారు. కానీ తడిరోడ్డు మీద వెనుక చక్రాలు జారితే బండి బొంగరంలా తిరిగిపోతుంది. ముందు చక్రాలు జారితే కాలు తీసి వేగం తగ్గించుకోవడానికి కాస్తయినా వీలుంటుంది.

అలైన్‌మెంటుకు ముందు నాలుగు చక్రాల్లోనూ గాలి సరిచేయాలి. టై రాడ్, బాల్ జాయింట్ (ముందు చక్రాలను స్టీరింగుకూ సస్పెన్షన్‌కూ కలిపే భాగాలు) వదులుగా ఉంటే వాటిని మార్చాకే అలైన్‌మెంటు, లేకపోతే డబ్బు దండగ. పని ముందు, పని తరువాత కొలతలున్న కాగితం అడిగి తీసుకోండి. మన చిన్న కార్లలో సాధారణంగా సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. "క్యాంబరు (ముందునుంచి చూస్తే చక్రం వాలు) పోయింది, విడిగా సరిచేయాలి" అని పెద్ద మొత్తం చెబితే ఒప్పుకోకుండా, ఆ కాగితం తీసుకెళ్లి మరోచోట చూపించండి.

నైట్రోజను గురించి ఒక్కమాట. మామూలు గాలిలోనే సుమారు 78 శాతం నైట్రోజను ఉంది. ఉచితంగా ఇస్తే పట్టించుకోండి, నైట్రోజను పట్టిన టైరుకు గుర్తుగా వాల్వుకు పెట్టే ఆకుపచ్చ మూతల కోసం డబ్బు పెట్టనక్కరలేదు. నైట్రోజను ఉన్న టైరులో మామూలు గాలి కలిపితే ప్రమాదమేమీ లేదు.

7. పంక్చరు పడినప్పుడు

హైవే పక్కన కర్రకు పాత టైరు వేలాడదీసి, దానిమీద సున్నంతో "పంచరు" అని రాసిన పాకలు ఎందరినో ఇంటికి చేర్చాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే అక్కడ ఏ పని చేయించాలో, ఏది చేయించకూడదో తెలిసి ఉండాలి.

మొదటి నియమం, బండి దిగండి. మేకు ఎక్కడుందో మీరు చూసి, సుద్దతో గుర్తు పెట్టేవరకు ఏ పనిముట్టూ టైరులో దిగకూడదు. సబ్బునీళ్లు చల్లితే రంధ్రం దగ్గర బుడగలు వరసగా పైకి ఉబుకుతాయి. బుడగ మీ కళ్లతో చూడనిదే అది పంక్చరు కాదు. ఒక్క మేకు దిగిన టైరులో "అయిదు పంక్చర్లు" లెక్కచెప్పే ఘనులు నగరాల్లో ఉన్నారు, ఆ మిగిలిన నాలుగూ వారి చేతిలోని సూదివే.

రెండో నియమం, చోటు చూడండి. గాడులున్న నడిభాగంలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతేనే బాగుచేయాలి. భుజం (నడిభాగం పక్కగోడను కలిసే అంచు) దగ్గరా పక్కగోడలోనూ పడితే బాగుచేయడానికి లేదు, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే. పక్కగోడ మీద కోడిగుడ్డులా ఉబ్బు లేస్తే లోపలి దారాలు తెగినట్టు. అది ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ టైరు తీసేయాల్సిందే.

ఇక పద్ధతి. ట్యూబ్‌లెస్ టైరుకు రోడ్డుపక్కన వేసేది జిగురు రాసిన రబ్బరు స్ట్రిప్. టైరు విప్పకుండానే ఆకురాయి వంటి సూదితో రంధ్రం వెడల్పు చేసి దూరుస్తారు. దారిలో ఇంటికి చేరడానికి అది చాలు, చాలామంది దానితోనే ఏళ్ల తరబడి తిరుగుతారు. నేను మాత్రం దాన్ని తాత్కాలికంగానే చూస్తాను, ఎందుకంటే లోపల ఏమైందో ఎవరూ చూడలేదు. ఊరికి చేరాక టైరు విప్పించి మష్రూమ్ ప్యాచ్ వేయించండి. పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఆ ముక్క కాడ రంధ్రాన్ని పూడుస్తుంది, గొడుగు లోపలివైపు అతుక్కుంటుంది. లోపలి రబ్బరును గరుకుగా రాకి, జిగురు ఆరనిచ్చి, రోలరుతో గట్టిగా నొక్కాలి. ఆరకముందే అంటించేవాడి దగ్గర అది నిలవదు.

టైరు విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి రాలితే, గాలి లేకుండానే కొంతదూరం నడిచిందని అర్థం. పక్కగోడ లోపల నలిగిపోయింది, రంధ్రం పూడ్చినా ఆ టైరు పనికిరాదు. "ట్యూబు వేసేస్తే సరిపోతుంది" అన్న సలహా కూడా వద్దనండి. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు రాపిడికి వేడెక్కుతుంది, పగిలితే గాలి ఒక్కసారిగా పోతుంది. ఒకే రంధ్రంలో రెండు మూడు స్ట్రిప్పులు కుక్కితే, అది స్ట్రిప్పుకు మించిన రంధ్రమని లెక్క.

స్టెప్నీ వేసుకుని బయలుదేరితే దాని మీద స్టిక్కరు చదవండి. చాలా కార్లకు స్టెప్నీ సన్నటిదో చిన్నదో ఇస్తున్నారు, దానితో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదని రాసి ఉంటుంది.

8. పని సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

దుకాణం నుంచి బయటకు వచ్చాక ఖాళీగా, సమంగా ఉన్న రోడ్డు మీద మొదట గంటకు 40, తరువాత 80 కిలోమీటర్ల వేగంతో నడపండి. 80 దగ్గర స్టీరింగు వణికితే బ్యాలెన్సింగు మళ్లీ చేయించాలి. స్టీరింగు తేలిగ్గా పట్టుకున్నప్పుడు బండి ఒకవైపుకు లాగితే, లేదా నేరుగా వెళుతున్నా స్టీరింగు వంకరగా కనిపిస్తే, అలైన్‌మెంటు పని పూర్తికాలేదు. ఆ రోజే తిరిగి వెళ్లండి. వారం ఆగితే "గుంతలో పడి ఉంటుంది సార్" అనే అవకాశం మీరే ఇచ్చినట్టు. కొత్త టైర్లకు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టు తక్కువగా ఉంటుంది కనుక ఆ లోపు గట్టి బ్రేకులు, పెద్ద వేగాలు వద్దు.

మర్నాడు ఉదయం, బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి రాసుకోండి. మూడు రోజుల తరువాత మళ్లీ ఉదయమే కొలవండి. ఒక్క చక్రంలోనే 2 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) కంటే ఎక్కువ తగ్గితే వాల్వు దగ్గరా, డిస్కు అంచు చుట్టూ, పంక్చరు వేసినచోటా సబ్బునీళ్లు చల్లి చూడండి. ఎండలో ప్రయాణించి వచ్చిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువ చూపుతుంది, దాన్ని చూసి గాలి తీసేయడం మనవాళ్లు వేసవిలో ఎక్కువగా చేసే తప్పు. చల్లబడ్డాక ఆ టైరులో గాలి తక్కువై మరింత వేడెక్కుతుంది.

వంద కిలోమీటర్లు తిరిగాక అదే దుకాణానికి వెళ్లి నట్లు టార్కు రెంచితో (ఎంత బలంతో బిగించారో చూపే పనిముట్టు) మరోసారి బిగింపు చూడమనండి. అక్కడ టార్కు రెంచి లేకపోయినా, ఉన్నా దానికి డబ్బు అడిగినా, మీ తరువాతి పంక్చరు పని వేరేవాడికి ఇవ్వండి.